మిగిలిపోయిన చుక్కల మందు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీరూ, మీ ఓడా, దాని కడుపులో రాత్రింబవళ్ళు రొద పెట్టే మీ యంత్రాలూ అన్నీ కులాసాగా ఉన్నాయని తలుస్తున్నాను. "బాగున్నాను" అనకుండా "బాగానే" అని ఎందుకు రాశానో ఉత్తరం పూర్తయ్యేలోపు మీకే తెలుస్తుంది. మీకు చివరి పేజీ ముందు చదివే పాడలవాటు ఉంది కదా, ఈ ఒక్కసారికి మానుకోండి. వరసగా చదవండి.

మీ ఉత్తరం సోమవారం అందింది. మీ కంపెనీ ఆఫీసులో గుమస్తా కవరు చేతిలో పెడుతూ, ఈసారి బాగా బరువుగా ఉందండీ, సారుకి అక్కడ పనేమీ లేనట్టుంది అన్నాడు. బస్టాపులో బల్ల మీద కూర్చుని సగం చదివాను. మిగతా సగం ఇంటికొచ్చి, కాసేపు కళ్ళు మూసుకుని పడుకుని, అప్పుడు చదివాను.

మీరు అడిగినవాటికి జవాబులు. వంటగది పైకప్పు కారడం ఆగింది. మేస్త్రీ వచ్చి ఒకరోజంతా పైన చప్పుళ్ళు చేసి వెళ్ళాడు. ఇప్పుడు పడగ్గదిలో కారుతోంది. మళ్ళీ పిలిస్తే, నీళ్ళు దారి మార్చుకున్నాయమ్మా అన్నాడు, అదేదో నీళ్ళ తప్పైనట్టు. బకెట్టు పెట్టాను. మొక్కల తోటలో నా పని ఉంది, పోలేదు. తోట యజమాని, మా పెద్దాయన, మీరు తిమింగలాన్ని చూశారా అని ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఈసారైనా చూశానని ఒక అబద్ధం రాసి పడేయండి, ఆయన ప్రాణం కుదుటపడుతుంది.

ఇక, "పోయిన ఉత్తరంలో నీ వాక్యాలన్నీ వాలు దిగే బాతుల్లా కిందికి జారిపోయాయేం?" అని అడిగారు. నవ్వించడానికే అడిగారని తెలుసు. అవి ఒక కన్ను మూసుకుని రాసిన వాక్యాలు.

కంగారు పడకండి. ఇప్పుడు ప్రమాదం దాటింది. అందుకే రాస్తున్నాను.

ఏదో ఆఫీసు వరండాలో పెట్టడానికని మా తోటలో పొడవాటి ఆకుల మొక్కలకు ఆర్డరు వచ్చింది. కత్తుల్లాంటి ఆకులు, కొసలు సూదుల్లా ఉంటాయి. పెద్ద కుండీని ఒడిసి పట్టుకుని బండి మీదికి ఎత్తుతుంటే, గాలికి ఒక ఆకు ఊగి కొస నా కుడి కంట్లో తగిలింది. పెద్ద నొప్పేమీ లేదు. చటుక్కున నీళ్ళు కారాయి. కుళాయి కింద కడుక్కున్నాను. పెద్దాయన చూసి, పనాపి డాక్టరుకు చూపించుకోమన్నాడు. ఆకు తగిలితే డాక్టరేమిటి, అలాగైతే నేను రోజూ ఆసుపత్రిలోనే ఉండాలి అన్నాను. మన ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేక నాలుక బాగా సాగింది.

మర్నాటికి కన్ను ఎర్రబడింది. రెప్ప వేసినప్పుడల్లా లోపల ఇసుక ఉన్నట్టు గరగరలాడింది. ఇంట్లో ఉన్న చుక్కల మందు ఒకటి వేసుకున్నాను. సాయంత్రానికి ఎరుపు తగ్గింది. నాకు నేనే డాక్టరునని సంబరపడి మరో మూడు నాలుగు రోజులు వేసుకున్నాను. ఆ తర్వాత ఒక పొద్దున లేచేసరికి కిటికీ వెలుతురు కంట్లో గుచ్చుకుంది. అద్దం దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి చూసుకుంటే, నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లమచ్చ. ఎడమ కన్ను మూసి చూస్తే నా ముఖమే నాకు పొగలో ఉన్నట్టు కనిపించింది.

అప్పుడు వెళ్ళాను కంటి ఆసుపత్రికి. డాక్టరమ్మ చిన్నపిల్ల, మనిషి నెమ్మది. మత్తు చుక్కలు వేసి, గడ్డం ఒక యంత్రం మీద ఆనించమని, ఆ మచ్చ మీద సన్నటి పరికరంతో గీకి తీసింది. నొప్పి తెలియదు గానీ, కంటికెదురుగా వస్తున్న ఇనుప ముక్కను చూస్తూ కదలకుండా కూర్చోవడం నా పగవాళ్ళకు కూడా వద్దు. తీసినదాన్ని గాజుపలక మీద రాసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసొచ్చింది.

"ఇది ఫంగసమ్మా. బూజు. ఆకు మీదున్నది మీ కంట్లోకి వచ్చి పుండు చేసింది" అంది.

ఆకుల మీద బూజు నాకు కొత్తా చెప్పండి. ఎన్ని మొక్కలకు మందు కొట్టాను, ఎన్ని ఆకులు తుంచి అవతల పారేశాను. మరి కంటినేం చేస్తారు అని అడిగాను. మందు పోసి కాపాడుకోవడమే, కొన్నాళ్ళు పడుతుంది, ఇవాళే వార్డులో చేరాలి అంది. తర్వాత కాగితం మీద ఏదో రాస్తూ, తల ఎత్తకుండా, మీతో ఎవరొచ్చారు అని అడిగింది.

బయట ఉన్నారు అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఆ తర్వాత నర్సు అడిగితే, వస్తున్నారు అన్నాను. మంచం చూపించిన ఆయా అడిగితే, దారిలో ఉన్నారు అన్నాను. ఇలా మీరు ఆ సాయంత్రమంతా బయటా, మెట్ల మీదా, దారిలోనూ ఉన్నారు. చివరికి దీపాలు తగ్గించే వేళకు నర్సు మళ్ళీ వచ్చి, ఏడీ మీ మనిషి, సంతకం కావాలి అంది.

"ఎవరూ రారమ్మా. ఆ సంతకమేదో నేనే పెడతాను" అన్నాను.

ఆమె కాగితం నా ముందు పెట్టి, ఎక్కడ పెట్టాలో నా వేలు పట్టుకుని చూపించింది. అంతవరకూ ఏడవలేదు. ఆమె వేలు పట్టుకున్నాక ఏడ్చాను. కంటికి మంచిది కాదని కసిరింది గానీ వేలు వదలలేదు.

పాలరంగులో ఉంటుంది ఆ బూజు మందు. బాగా కుదిపి గంటకోసారి వెయ్యాలి. మొదటి రోజుల్లో పగలూ రాత్రీ తేడా లేదు. అందరూ అనే "కంటి మీద కునుకు లేదు" అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు ఇంకో రకం. అవి వేశాక లోపలి పోటు తగ్గేది. కట్టు కట్టకూడదట, కడితే లోపల వేడికి పుండు పెరుగుతుందట. పైన చిన్న చిల్లుల మూత ఒకటి పెట్టారు. పక్క మంచాల వాళ్ళకు చుట్టాలొచ్చి పళ్ళు కోసి పెట్టేవాళ్ళు. కత్తి పళ్ళెం మీద తగిలే చప్పుడు వింటూ, నేను అటు తిరిగి పడుకునేదాన్ని. అందులో ఒక పెద్దావిడ, ఇదిగో అమ్మాయ్, నువ్వూ తిను అని ఒక ముక్క చేతిలో పెట్టింది. తీసుకున్నాను. ఆకలి లేదు, కానీ ఎవరైనా ఏదైనా ఇస్తే తీసుకోవాలనిపించే రోజులవి.

మీరు ఆ వారంలో రేవు నుంచి ఫోన్ చేశారు. గొంతు అలా ఉందేం అన్నారు. జలుబు అన్నాను. తెల్లారితే మళ్ళీ నడిసముద్రం మీద ఉండే మనిషికి చెప్పి ఏం లాభం? దిగి నడిచి రాలేరు కదా.

ఇంటికి పంపాక అసలు కష్టం మొదలైంది. ఎవరి కంట్లో వాళ్ళు చుక్క వేసుకోవడం అనుకున్నంత సులువు కాదు. చెయ్యి వణికేది, రెప్ప మూసుకుపోయేది, మందు చెవిలోకి కారేది. ఎదురింటి తాళాల పెద్దమ్మ గుర్తుందా? బయటికి వెళ్ళేటప్పుడు తాళం మూడుసార్లు లాగి చూసి, మళ్ళీ వీధి చివరి నుంచి వెనక్కొచ్చి లాగుతుందే, ఆవిడే. మెట్ల మీద నా కన్ను చూసి, అడక్కుండానే లోపలికి వచ్చింది. ఆవిడ చేతికి మందిస్తే మొదటి చుక్క ముక్కు మీద, రెండోది చెంప మీద. నీ కన్నెక్కడుందో ముందు చెప్పమ్మా అని నా మీదే విసుక్కుంది. రెండు రోజుల్లో చెయ్యి కుదిరింది. చుక్క వేసి, తన తాళం లాగి చూసుకుని, మళ్ళీ గంటకు వచ్చేది. మూడు వారాలు అలా చూసింది. తర్వాత వాళ్ళ కోడలికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే ఊరు వెళ్ళింది. నేను వెళ్ళమన్నాను. అప్పటికి నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. వెల్లకిలా పడుకుని, కింది రెప్ప లాగి, చూపు పైకప్పు మీద నిలిపి ఒక్క చుక్క. పైకప్పు మీద ఉన్న ప్రతి బీటా నాకిప్పుడు చుట్టమే.

పుండు మానింది. పోయిన వారం డాక్టరమ్మ చెప్పింది. కానీ మానినచోట మచ్చ మిగిలింది, అది సరిగ్గా చూపు మధ్యలో ఉంది. కుడి కంటికి మనుషులు ఉన్నారని తెలుస్తుంది, ఎవరన్నది తెలియదు. కన్ను పూర్తిగా చల్లబడ్డాక, ఇంకా కొన్ని నెలలకు, దాత ఇచ్చిన నల్లగుడ్డు పొర వేసి చూద్దామంది. గట్టిగా మాట ఇవ్వలేదు, లేదనీ అనలేదు. ఎడమ కన్ను శుభ్రంగా ఉంది. ఈ ఉత్తరం దాంతోనే రాస్తున్నాను. అరగంట రాస్తే నొప్పి పెడుతుంది, అందుకే నాలుగు రోజులుగా రాస్తున్నాను. తోటలో ఇప్పుడు కళ్ళద్దాలు లేకుండా ఎవరినీ కుండీ ముట్టుకోనివ్వడం లేదు పెద్దాయన.

ఇక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను. సోమవారం వచ్చిన మీ ఉత్తరంలో ఒక సంగతి లేకపోతే ఆపేసేదాన్నే.

నేను వేసుకున్న ఆ చుక్కల మందు మీది. పోయిన సెలవులో దుమ్ముకు మీ కళ్ళు దురదపెడితే డాక్టరు వారం రోజులకని రాసిచ్చాడు. సగం మిగిలితే, పారెయ్యకు, ఎప్పుడైనా నీకు కళ్ళు మండితే పనికొస్తుంది అని అలమారాలో మీరే పెట్టి వెళ్ళారు. డాక్టరమ్మ సీసా తెమ్మంటే తీసుకెళ్ళాను. దాని మీది అక్షరాలు దీపం దగ్గర పెట్టి చదివింది. అందులో స్టెరాయిడ్ ఉందట. దురదకు మంచిదేనట, డాక్టరు చూసి ఇస్తే. పుండు మీద వేస్తే మాత్రం, కాపలావాణ్ణి నిద్రపుచ్చి ఇల్లు ప్రశాంతంగా ఉందనుకోవడమేనట. పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల బూజు తన పని తాను చేసుకుపోతుంది. అది వేయకుండా మొదటిరోజే వచ్చి ఉంటే మచ్చ చిన్నదయ్యేదేమో అంది. ఎవరిచ్చారు అని అడిగింది. ఇంట్లో పడుంది అన్నాను.

మీకు చెప్పకూడదనే నిశ్చయించుకున్నాను. మీరు రాత్రుళ్ళు ఓడలో మీ గదిలో పడుకుని దీన్నే తలుచుకుంటారని నాకు తెలుసు. కానీ మీరేం రాశారు? ఆ మందే రేవులో నాలుగు సీసాలు కొన్నారనీ, ఇంజను గదిలో ఎవరి కన్ను ఎర్రబడినా మీరే వేస్తున్నారనీ, అందరూ మిమ్మల్ని డాక్టరు బాబాయ్ అంటున్నారనీ రాశారు. చదువుతుంటే ఒళ్ళు చల్లబడింది. దయచేసి ఆపండి. కంట్లో ఇనుపరజను పడితే నలపనివ్వకండి, శుభ్రమైన నీళ్ళతో కడగండి, తగ్గకపోతే ఓడలో మందుల బాధ్యత చూసే అధికారికి చెప్పి రేవులో డాక్టరుకు చూపించండి. ఇప్పటికే మీరు మందు వేసిన వాళ్ళలో ఎవరికైనా వెలుతురు చూడలేకపోవడమో, తెల్లమచ్చో ఉంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. ఆ సీసాల విషయం వాళ్ళందరికీ మీరే చెప్పాలి. కష్టమే, తెలుసు.

మీ తప్పు లేదు అని రాస్తే అది ఓదార్పు కోసం రాసినట్టు ఉంటుంది. కాబట్టి ఉన్నదే రాస్తాను. వార్డులో ఉన్నన్నాళ్ళూ మీ మీద కోపం వచ్చింది. మందు మీద కాదు, మీ మీదే. పారెయ్యకు అన్నందుకు కొంచెం, పక్కన లేనందుకు చాలా. తర్వాత మొదటిది పోయింది. ప్రేమగా దాచిపెట్టారు, నేను తెలియక వేసుకున్నాను, అంతే. రెండోది ఇంకా పోలేదు.

నిన్న పొద్దున గ్లాసులోకి నీళ్ళు వంచుకున్నాను. నీళ్ళన్నీ గ్లాసు పక్కన బల్ల మీద పడ్డాయి. ఒంటి కంటికి దూరాలు సరిగా అందవని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేనేమో చెంబు ఇంకా వంచుతూనే ఉన్నాను, గ్లాసు నిండడం లేదేమిటా అని. బల్ల అంచు నుంచి నీళ్ళు పాదాల మీద పడ్డాక తెలిసింది. పొట్ట పట్టుకుని నవ్వాను. చాలా రోజులకు అంత నవ్వు. నవ్వుతూ, చూశారా అంటూ మీ కుర్చీ వైపు తిరిగాను. దాని మీద మడత పెట్టని బట్టలున్నాయి. ఆ తర్వాత నేల తుడిచే ఓపిక కూడా లేకపోయింది. తడి దానంతటదే ఆరింది.

మీ ఉత్తరం చివర, ఒప్పందం ఇంకో రెండేళ్ళకు పొడిగిస్తామంటున్నారు, ఏమంటావు అని అడిగారు. ఎప్పుడు అడిగినా మీ ఇష్టం అనే రాసేదాన్ని. మీ ఇష్టమేమిటో నాకు తెలుసు, నా ఇష్టం మీరు అడిగినా నేను చెప్పలేదు.

ఈసారి చెబుతున్నాను. సంతకం పెట్టకండి. ఇంటికి రండి.

ఇట్లు,
మీ ఇంటావిడ