యాదగిరి ఆపమన్నాడు

1994 మార్చి 7, సోమవారం

అక్షరం నిలబడడం లేదు.

ఉదయం ఏడున్నర. ఎయిర్‌పోర్టులో విమానాలు నిలిపే మూడో బేలోకి ఒక విమానాన్ని పిలుస్తున్నాను. ఎదురుగా నిలబడి, రెండు చేతుల్లో సైగల బ్యాట్లు ఊపుతూ — రా, రా, ఇంకా రా. రెక్క చివర యాదగిరి నడుస్తున్నాడు. రెక్క దేనికీ తగలకుండా చూడడం వాడి పని. పక్క బేలో నిలిపి ఉంచిన విమానం తోక గీత దాటి బయటికి ఉంది. షిఫ్ట్ ఇన్‌చార్జి రావుగారికి ముందే చెప్పాను. "పడుతుందయ్యా, చోటుంది. లేట్ చెయ్యకు, తీసుకో" అన్నాడు.

రెక్క వెళ్ళి ఆ తోకను కొట్టింది. ఇంజన్ల హోరులోనూ వినిపించింది — రేకుల షెడ్డును లారీ గుద్దినట్టు. తోక చీలిపోయింది. తలుపంత ముక్క ఊడి కింద పడింది. కింద యాదగిరి.

పరుగెత్తాను. వాడి కుడి చెయ్యి మోచేతి కింద... చర్మానికి వేలాడుతోంది. వేళ్ళు ఇంకా బ్యాట్‌ను పట్టుకునే ఉన్నాయి. చొక్కా విప్పి బిగించి కట్టాను. రక్తం ఆగదు. వాడు అరవలేదు. అరిచింది నేను.

విమానంలో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

వాడు ఆపమని సైగ చేశాడట. నేను చూడలేదు. ముందు చక్రం మీదే ఉంది నా చూపు. చూడలేదు.

మార్చి 8

చెయ్యి తీసేశారు.

మార్చి 9

రావుగారి గది. కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. 'రెక్క పక్కనున్న యాదగిరి ఆగమని సైగ చెయ్యలేదు.'

"వాడు ఎలాగూ ఈ పనికి రాడు ప్రసాదూ. నువ్వన్నా నిలబడు. పెళ్ళాం, చిన్నపిల్ల..."

తోక సంగతి కాగితంలో లేదు. రావుగారి సంగతీ లేదు. సంతకం పెట్టాను.

ఇంటికొచ్చాక సలోమి అడిగింది — "ఏం రాయించుకున్నారండీ?" జరిగిందే, అన్నాను.

మార్చి 11

డ్యూటీ అయ్యాక సాయంత్రం లా క్లాసుకు తార్నాక నుంచి నడిచి వెళ్తున్నాను. యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్ళ మలుపు దగ్గర నలుగురు. ముందున్నది నరసింహ — యాదగిరి తమ్ముడు, ఇక్కడే ఎమ్మే చదువుతాడు. పోయిన దసరాకు వాళ్ళింట్లో నాకు వడ్డించినవాడు.

"మా అన్న సైగ చెయ్యలేదని రాసినవా?"

మొదటి దెబ్బ ముక్కు మీద. కింద పడ్డాక కాళ్ళతో. పక్కటెముకల్లో ఏదో పుటుక్కుమంది. మట్టి, రక్తం నోట్లో.

"చెయ్యి పోయినోని మీద దస్తఖత్ పెడ్తవా బే? ఏ చేత్తో పెట్టినవ్? ఏదీ, చూపెట్టు!"

కుడి చెయ్యి రోడ్డు మీద పరిచి మడమతో తొక్కాడు. ఒకసారి. మళ్ళీ. ఎవరో వాణ్ణి వెనక్కి లాగారు — "చస్తడు రా, ఇడువు." నేను రెండో చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

మార్చి 12

ఎడమ కన్ను తెరుచుకోవడం లేదు. రెండు వేళ్ళు విరిగాయి. ఎడమ చేత్తో రాస్తున్నాను. సలోమి పోలీసుల దగ్గరికి పోదాం అంటుంది. వద్దన్నాను. చాలాసేపు నా మొహమే చూసింది.

మార్చి 14

ఆసుపత్రి. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. యాదగిరి నా కన్ను, కట్టు చూసి లేవబోయాడు.

"మా నర్సిగాడేనా? ఆనికి దిమాక్ లేదన్నా, మాఫ్ చెయ్యి."

తర్వాత — "లేని వేళ్ళు గుంజుతున్నయే. గిదేందో."

వాడే మొదలుపెట్టాడు. "రెండు చేతులు కత్తెర లెక్క పెట్టి ఆపుమన్న అన్నా. నువ్వు చూడలే. చూస్తే ఆపకపోదువా? ఆఫీసోళ్ళు నీతోని జబర్దస్తీ రాయించిండ్రు, నాకెర్క."

తలూపాను. ఊపగలిగాను.

మార్చి 15

కాగితం వెనక్కివ్వమని రావుగారిని అడిగాను. నవ్వాడు. "వాడి తమ్ముడు తన్నగానే సత్యం గుర్తొచ్చిందా?" బల్ల మీది స్టీలు జగ్గు ఎడమ చేత్తో తీసి మొహం మీద కొట్టాను. పెదవి చీలి పన్ను బయటపడింది. రెండోసారి ఎత్తాను. ప్యూన్ వెనక నుంచి పట్టుకున్నాడు. కొడుతున్నప్పుడు హాయిగా ఉంది. అదే భయం.

సస్పెండ్ చేశారు.

మార్చి 18

మొదటి రోజు ఇక్కడ అబద్ధం రాశాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు, అయినా రాశాను.

చూశాను. యాదగిరి చేతులు తల మీద అడ్డంగా పెట్టాడు. స్పష్టంగా చూశాను. ముందు వారం కూడా వాడు ఊరికే ఆపాడు, రావుగారు అందరి ముందూ నన్ను తిట్టాడు. వీడికి ప్రతిదానికీ భయమే, అనుకున్నాను. ఇంకో రెండుసార్లు బ్యాట్లు ఊపాను. రా, రా. ఆ రెండు ఊపులే.

మార్చి 20

సలోమికి చెప్పాను. పాపకు జడ అల్లుతోంది. అల్లడం ఆపలేదు. "ఎంక్వయిరీలో ఇదే చెప్తారా?" అంది. తెలియదన్నాను. "మరి నాకెందుకు చెప్పారు?"

ఏప్రిల్ 4

ఎంక్వయిరీ. బల్లకు అటు ముగ్గురు. ఇటు గోడ పక్కన యాదగిరి, ఖాళీ చొక్కా చెయ్యిని మడిచి పిన్ను పెట్టారు. పక్కన నరసింహ. రావుగారు కుట్ల పెదవితో.

తోక గీత దాటి ఉందని చెప్పాను. రావుగారు తీసుకోమన్నాడని చెప్పాను. యాదగిరి ఆపమన్నాడని చెప్పాను. నరసింహ తల దించుకున్నాడు. నన్ను కొట్టినందుకేమో.

అక్కడ ఆగిపోవచ్చు. యాదగిరి నన్ను చూసి చిన్నగా తలూపాడు కూడా.

మధ్యలో కూర్చున్నాయన అడిగాడు — "ఆ సైగ మీకు కనిపించలేదు. అంతేనా?"

"కనిపించింది సార్."

యాదగిరి లేచాడు. నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి పైకి లేచింది. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆ చెయ్యి గాల్లోనే ఆగింది, దించేశాడు.

"చూసినవా అన్నా..." అంతే. బయటికి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 5

మల్కాజ్‌గిరిలో యాదగిరి ఇంటికి వెళ్ళాను. తలుపు నరసింహ తీశాడు. లోపలికి తిరిగి, "వచ్చిండు" అన్నాడు. లోపల్నుంచి జవాబు లేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాను. నరసింహ తలుపు వెయ్యనూ లేదు, రమ్మననూ లేదు.