కెమెరాలో జరీ గీత

సరళా,

నీ సంవత్సరీకం ముగిశాక మన కెమెరాను హిందూపురంలో బాగుచేయించాను. కంటికి పెట్టుకుంటే, లోపల బొమ్మ కనబడే ఫోకసింగ్ స్క్రీన్ మీద ఆ పాత గీత లేదు. పట్టు మెత్తగా ఉంటుందని నీ ధర్మవరం చీర కొంగుతో తుడిచావే, అప్పుడు జరీ గీసిన గీత. కెమెరానే మార్చేశాడని అనుమానించి, వెనక్కి వెళ్లి మెకానిక్‌ను నిలదీశాను.

“ఏం సార్, దొంగను చూసినట్ల చూస్తాండారు? గీసుకపోయింటే కొత్త స్క్రీన్ ఏసినా. ఆ గీత ఫోటోలో పడదు గదా, మీకేం పోయింది?”

“పాతదే వేయి.”

చెత్తడబ్బాలో మన రకం కెమెరాల పాత స్క్రీన్లు నాలుగైదు ఉన్నాయి. ఒకటి తీసి బిగించాడు.

ఇప్పుడు గీత ఉంది. కానీ కాస్త ఎడమకు జరిగినట్టుంది. ఇది నీదేనా, ఇంకెవరిదో అంటగట్టాడా? ఏ ఫోటోలోనూ పడలేదు కాబట్టి పోల్చుకునే వీలు లేదు. నువ్వైతే ఒక్క చూపులో చెప్పేదానివి.