మీ అక్క ముడులేసిన తాడు

చూల్వే తల్లీ, నేను బాగానే ఉన్నాను, దిగులుపడకు. మీ అక్క ముటింటా కన్నుమూశాక, తను ముడులేసిన కొలత తాడు పట్టుకుని, ముడికో గుంత చొప్పున, వానలకు ముందే చేనంతా విత్తనాల గుంతలు తీశాను. ముడి ముడికీ తనే గుర్తొచ్చింది.

"ఈ గోతుల్లో ఎవర్ని పాతిపెడతావు వదినా? పంట పోతే, చనిపోయిన మా అన్న చేను నేను తీసుకుంటా" అన్నాడు మీ బాబాయి హమూంగ. వాన ముఖం చాటేసింది. ఆయన ఎడ్లతో దున్నిన చేను మాడింది. గుంతల్లో తడి నిలిచి నా మొక్కజొన్న పండింది.

నిన్న వచ్చి తాడు అడిగాడు. "చేను నాదని ఊరిపెద్దకు చెప్పు, నీ చేలో గుంతలు కొలిచేటప్పుడు రెండో కొస నేనే పట్టుకుంటా" అన్నాను. చెప్పొచ్చాడు.

నీ దగ్గు తగ్గిందా? అలసంద విత్తనాలు పంపు. తాడు అరిగింది, కొత్తది పంపు. ముడులు అక్క కొలతకే వేస్తాను. చల్లగా ఉండు.

అమ్మ