రంగు త్రాసులో చెంచాడు పొడి

అన్నా,

నిన్న మట్టెవాడలో మీ ఇంట్లో నీ సంవత్సరీకం చేశాం. విస్తళ్లు ఎత్తకముందే వదిన తమ్ముడు సంచిలోంచి మోకాళ్ల నొప్పుల పొడి డబ్బా తీశాడు. నీకు ఏడాది పాటు అమ్మిన పొడే.

"బావకు మస్తు పనిచేసింది" అంటూ మన మేనత్తకు అంటగట్టబోయాడు.

డబ్బా మీద పదకొండు పేర్లున్నాయి, ఏది ఎంత ఉందో మాత్రం రాయలేదు. వాటిలో కొల్లాజెన్ ఒక్కటే రోజుకు పది గ్రాములు పడాలని మొన్న నా మోకాళ్లు చూసిన డాక్టర్ చెప్పాడు. ఆ మాటే పైకి అన్నాను.

వదిన లేచి, నువ్వు నూలుకు రంగు తూచే త్రాసు తెచ్చి, అందులో డబ్బా మీద రోజుకని రాసిన చెంచాడు పొడి పోసింది. పదకొండూ కలిపి ఐదు గ్రాములు.

"ఇంత రంగేస్తే నూలు తెల్లగనే ఉంటది తమ్మీ. మీ బావ నీ మొకం జూసి తగ్గుతాందన్నడు."

వాడు డబ్బాకు మూత పెట్టుకుని, ఇంకొంచెం పెరుగు వెయ్యమన్నాడు.

రంగు చిటికెడు తగ్గినా ఒప్పుకోని మనిషివి. ఆ డబ్బా ఏడాదంతా నీ త్రాసు పక్కనే ఉంది. బామ్మర్ది తెచ్చింది తూస్తే బాగుండదని, గోడ పట్టుకుని లేస్తూనే ఉన్నావు.