ముట్టుకోవద్దన్న బండి

నవంబరు 3, 1968

ఆదివారం. చర్చిలో ఆరాధన నుంచి వచ్చి చీరైనా మార్చకుండా షెడ్డులోకి వెళ్ళాను. నాన్న కునుకు తీస్తున్నాడు. తలుపు దగ్గరగా వేసి మా పాత కారులో కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళుగా ఇటుకల మీద నిలబడి ఉన్న బండి ఎక్కడికి పోతుంది? అయినా పోతుంది. ఇవాళ భీమిలి దాకా పోయింది. సముద్రం ఎడం పక్కన వచ్చింది... భీమిలికి అది ఎడమో కుడో కూడా నాకు తెలియదు.

స్టీరింగు వెనక గుండ్రటి బిళ్ళలు, వాటి మీద ఇటలీ మాటలు. ఓలియో అంటే నూనె. ఆక్వా అంటే నీళ్ళు. బెంజీనా అంటే పెట్రోలు. చిన్నప్పుడు బెంజీనా అంటే ఎవరో దొరసాని అనుకునేదాన్ని.

నవంబరు 5

పక్కింటి అప్పలనాయుడన్న మిల్లు నుంచి వస్తూ గోడ మీంచి తొంగి చూశాడు. మిల్లులో ఫిట్టరు కదా, ఎక్కడ యంత్రం కనిపించినా ఆగకుండా పోలేడు.

"ఏటి టీసరమ్మా, పెళ్ళి సేసుకోమంటే బండిని సేసుకున్నావేటి?"

"బండి తాగొచ్చి తన్నదు కదన్నా."

వాళ్ళావిడ లోపల్నుంచి ఆయన కంటే గట్టిగా నవ్వింది.

నవంబరు 8

వాన. షెడ్డు కారుతోంది. బండి మీద పాత గోనెలు కప్పాను.

ఒకప్పుడిది ఎరుపట. ఇప్పుడు ఎండుమిరపకాయ లోపలి రంగు. సీటు తోలు చిరిగి పీచు బయటికొచ్చింది. స్టీరింగు చెక్క మాత్రం నాన్న చేతులు పట్టిన చోట నల్లగా నిగనిగలాడుతోంది. పదమూడేళ్ళు తోలాడు కోటలో జమీందారు దొరగారి కోసం. జమీ పోయినప్పుడు ఏనుగుని ఒకరు, గుర్రాలని ఒకరు, పెద్ద కార్లని ఇంకొకరు కొనుక్కుపోయారు. దీన్ని మాత్రం ఎవరూ అడగలేదట. రెండే సీట్లు! పిల్లలెక్కడ కూర్చోవాలి, పరుపు చుట్ట ఎక్కడ పెట్టాలి? "దీని పోకడ నీకే తెలుసు, నువ్వే తోలుకుపో" అన్నారట దొరగారు.

నేను మాత్రం అది నడుస్తుండగా ఎక్కలేదు. కోట గుమ్మం దగ్గర నిలబడి వినడమే. దగ్గరికెళ్తే నాన్న కసిరేవాడు, దొరగారి దగ్గర నేర్చిన రెండే రెండు ఇంగ్లీషు ముక్కలతో — "డోంట్ టచ్!"

నవంబరు 12

కలకత్తా నుంచి ఉత్తరం. ఇంగ్లీషులో, టైపు కొట్టి. విశాఖ రేవులో ఎవరో చెప్పారట మన బండి సంగతి. పాత బండ్లు కొని దాచుకునే మనిషి. ఇలాంటివి ఆ ఇటలీ కంపెనీ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని చేసిందట. యూరపులో ఇప్పుడు వీటి కోసం వెర్రెత్తిపోతున్నారట. పదిహేను వేలు ఇస్తానన్నాడు. ఈ నెలాఖరున వస్తాడట.

ఉత్తరం తెలుగులో చదివి వినిపించాను. నాన్న శుక్లాల కళ్ళతో గోడ వైపు చూస్తూ, "అరసవల్లిలో మీ అత్త ఇంటి పక్కన సలం ఉన్నాదన్నారు గదా. రెండు గదులేసీయొచ్చు. నాను పోతే నీకో గూడుండాల" అన్నాడు.

ఏడుపొచ్చింది. ఎవరి కోసమో తెలియదు. ఆయన కోసమా, బండి కోసమా?

నవంబరు 13

నిన్న ఇక్కడ రాయని మాట ఒకటుంది. ఉత్తరంలో ఒక వాక్యం నేను చదవలేదు.

"దయచేసి దేన్నీ ముట్టుకోకండి. రంగు, తుప్పు, దుమ్ము ఎలా ఉన్నవి అలాగే ఉండాలి. కొత్త రంగు వేస్తే దాని విలువ పోతుంది."

కావాలని మానలేదు. గొంతు దాని మీంచి దాటుకుపోయింది, అంతే... అబద్ధం. ఈ పేజీ దగ్గరా అబద్ధమేనా? కావాలనే మానాను.

రోజూ సాయంత్రం నాన్నకి బైబిలు చదువుతాను. వంశావళులు కూడా వదలను. ఆయన నమ్మకం అది — అమ్మాయి చదివిందంటే అందులో ఉన్నదంతా చదివినట్టే.

నవంబరు 14

ఇవాళా చెప్పలేదు.

నవంబరు 17

అప్పలనాయుడన్న వచ్చి అరుగు మీద బాసింపట్టు వేశాడు.

"అమ్మకానికెట్టిన గిత్తనైనా కడిగి, కొమ్ములకి రంగేసి, మెళ్ళో గంటలు కట్టి సంతకి తోల్తాం. అంత దూరం నుంచి బాబొస్తంటే దుమ్ము బండిని సూపెడతామేటి? పరువు పోదూ?"

"ఔన్రా" అన్నాడు నాన్న. "దొరగారుంటే ఊరుకుందురా!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. "ఏటంటావు టీసరమ్మా?"

అప్పుడు చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది.

"మీ ఇష్టం" అన్నాను.

నవంబరు 21

అప్పలనాయుడన్న గజపతినగరం సంత నుంచి రంగు డబ్బాలు తెచ్చాడు. ఎరుపు, పసుపు. ఇటుక ముక్కతో, కొబ్బరి పీచుతో గీకి గీకి ముప్పై ఏళ్ళ రంగుని నేల మీద పోశాడు. ఆ పొడి కాళ్ళకంటుకుంది. కడుక్కోబుద్ధి కాలేదు.

నవంబరు 24

ఎర్రగా, కళ్ళు చెదిరేటట్టు. పక్కల పసుపు గీత. ముక్కు మీద కుంకుమ బొట్టు కూడా పెట్టేశాడు. మేం బాప్టిస్టులం కదన్నా అంటే, "బండి మా మతమేలే టీసరమ్మా" అన్నాడు. నాన్న పగలబడి నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్ళయింది!

ఇంజను గొట్టాల్లో కిరసనాయిలు పోసి నానబెట్టాడు. "కదుల్తాది, సూడు" అంటాడు.

నవంబరు 27

పలికింది!

ముందు దగ్గు. తర్వాత పొగ. తర్వాత — ఎలా రాయను. కోట గుమ్మం దగ్గర విన్న ఆ గొంతే. షెడ్డు రేకులన్నీ వణికాయి. వీధిలో వాళ్ళంతా వచ్చేశారు.

నాన్న నన్ను స్టీరింగు దగ్గర కూర్చోమన్నాడు, తను పక్కన. టైర్లు పుచ్చిపోయాయి, బండి ఇంకా ఇటుకల మీదే. వెనక చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి. నా చేతి మీద చెయ్యేసి గేరు వేయించాడు.

"అదీ. రెండోది. ఇజీనగరం దాటీసినాం. మూడోది ఎయ్... బేగి... ఇంక బీమిలి రోడ్డు. ఎడం పక్కన సముద్రం, సూడు."

ఎడం పక్కనే. ఈయన కూడా పోతున్నాడన్నమాట ఇన్నాళ్ళూ! ఆయన ముసుగు తన్ని పడుకుని, నేను షెడ్డులో కూర్చుని, ఇద్దరం ఒకే రోడ్డు మీద వేరు వేరుగా. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

దీన్ని ఇవ్వను. ఎవరికీ ఇవ్వలేను.

నవంబరు 30

కలకత్తా ఆయన వచ్చాడు. తెల్ల ప్యాంటు, చేతిలో టోపీ. నెమ్మదైన మనిషి. అప్పలనాయుడన్న బంతిపూల దండ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. షెడ్డు తలుపులు రెండూ తెరిచాం.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత దగ్గరికెళ్ళి పసుపు గీత మీద గోరు పెట్టాడు. కోపం లేదు. చచ్చిపోయిన వాళ్ళింట్లో మాట్లాడినట్టు మాట్లాడాడు, ఇంగ్లీషులో.

"రాశాను కదా. డోంట్ టచ్ అని రాశాను కదా."

తెలుగులోకి మార్చడానికి నోరు తెరిచాను. నాన్న అప్పటికే నా వైపు తిరిగాడు. ఆ రెండు ముక్కలూ ఆయనవే. ఇంకొకళ్ళు అర్థం చెప్పక్కర్లేదు.

"రంగు వల్ల... ధర తగ్గుతుందంటున్నారు" అన్నాను.

వచ్చినాయనకి మజ్జిగ ఇమ్మన్నాడు నాన్న. ఆయన తాగి, మళ్ళీ రాస్తానని చెప్పి బస్సుకి వెళ్ళిపోయాడు. దండ అప్పలనాయుడన్న చేతిలోనే ఉండిపోయింది.

"నాను పాడు సేసీసినానేటి టీసరమ్మా?"

"లేదన్నా" అన్నాను.

డిసెంబరు 1

సంతోషంగా ఉంది, బండి పోలేదు. సిగ్గుగా ఉంది. ఆరాధనలో పాట పాడలేకపోయాను.

డిసెంబరు 3

అప్పలనాయుడన్న రెండు రోజులుగా మిల్లుకి చుట్టు దారిన పోతున్నాడు, మా గుమ్మం ముందు నుంచి కాకుండా.

డిసెంబరు 5

సాయంత్రం బైబిలు తీశాను. "ఇయాలొద్దులే" అన్నాడు నాన్న.

నిన్నా అదే మాట.

డిసెంబరు 6

బండిలో కూర్చున్నాను. ఎక్కడికీ పోలేదు.

డిసెంబరు 10

రెండో ఉత్తరం వచ్చింది. పోస్టుమాను నాన్న చేతికే ఇచ్చాడు. నేను బడి నుంచి వచ్చేసరికి అరుగు మీద కూర్చున్నాడు, కవరు ఒళ్ళో పెట్టుకుని, విప్పకుండా. పక్కన అప్పలనాయుడన్న. నాన్నే కబురెట్టి పిలిపించాడట.

"సదువు" అన్నాడు. నేను కవరు చింపాను. "అన్నీ సదువు."

చదివాను. ఐదు వేలిస్తాడట, రంగు పోయినా ఇంజను అసలుదే కనక. పదిహేను రోజుల్లో జవాబు కావాలట. అక్కడ ఆగొచ్చు. కింద ఇంకా ఉంది. నాన్న తల వంచుకుని వింటున్నాడు, బైబిలు వాక్యం వినేటప్పుడు వంచినట్టే.

చదివాను. "దేన్నీ ముట్టుకోవద్దని మొదటి ఉత్తరంలో స్పష్టంగా రాశాను. నా మాట మీరు ఎందుకు పట్టించుకోలేదో నాకు నేటికీ అర్థం కావడం లేదు."

వీధిలో ఎవరిదో సైకిలు గంట. అప్పలనాయుడన్న నన్ను చూశాడు, నాన్నని చూశాడు, నేలని చూశాడు.

"మొదటి దాంట్లో ఉంది నాన్నా. నేనే చదవలేదు. అప్పలనాయుడన్న తప్పేం లేదు" అన్నాను.

"ఓస్, రంగే కదా టీసరమ్మా. గీకీస్తే పోద్ది" అన్నాడు అప్పలనాయుడన్న మెల్లిగా. గీకితే పోయేది కాదని ఆయనకీ తెలుసు. లేచి వెళ్ళిపోయాడు, మా గుమ్మం ముందు నుంచే.

నాన్న చెయ్యి చాపాడు. "అయిపోనాదా?"

"అయిపోయింది."

"ఇంకేటీ లేదు గదా?"

కాగితం తిప్పి వెనక వైపు చూపించాను. తెల్లగా ఉంది. ఆయన దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, వెలుగు వైపు తిప్పి, చాలాసేపు చూశాడు. తర్వాత మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"జవాబు రేపు రాద్దాం. నాను సెప్తాను, నువ్ రాయి." లోపలికి వెళ్తూ వెళ్తూ గుమ్మం పట్టుకుని ఆగాడు. "నాను సెప్పిందే రాయి."

ఏం చెబుతావు నాన్నా అని అడగలేదు. అడిగే హక్కు పోయింది.