బార్బరా గంట తాడు నా తర్వాత ఎవరిది

తండ్రి, కుమార, పవిత్రాత్మ నామమున. తిరోల్ సీమ ఓబర్‌టాల్ గుడి గంట కొట్టే జోడోక్ అనే నేను, తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా. బుర్ర సరిగ్గానే ఉంది. పడమటి శిఖరం మీద మబ్బు లేస్తోంది.

ఉరుము వినపడగానే నేను గోపురమెక్కి గంట కొట్టాలి. ఆ మోతకి మబ్బులో దయ్యాలు పారిపోతాయి, వడగళ్లు పడవు, ఊరి పంట నిలుస్తుంది. నాన్న అలా కొడుతూనే పిడుగుపడి పోయాడు. తర్వాత అన్న మార్టిన్. ఇద్దరికీ ఫాదర్‌కి పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం లేదు, చావు ముందు నూనె పూసే ఆఖరి అభ్యంగనం లేదు. నాకు పిడుగంటే భయమే. పాపాలు మోసుకుంటూ ఆ మెట్ల మీద పోవడమంటే ఇంకా భయం.

1. నా ఆత్మ దేవుడికి. ఒళ్లు గుడి దొడ్డిలో నాన్న పక్కన. కాలిపోయి ఉంటే నా భార్య అఫ్రాకి చూపించొద్దు.

2. అఫ్రాకి ఇల్లు, ఆవు, గంట కొట్టినందుకు ఊరిచ్చే పనలు. ఆమె కడుపుతో ఉంది. "నీ కాగితం నేనేం చేసుకోను? ముందు ఆ జావ తాగు" అంది పొద్దున. నా ఉన్ని చొక్కా కూడా ఆమెకే, బిడ్డని చుట్టడానికి.

3. దూడ ఫాదర్ ఎర్హార్ట్ గారికి. చచ్చాక పాపాలు కడిగే ఉత్తరించే స్థలంలో ఉన్న నాన్నకి, అన్నకి, నాకు పూజలు చెప్పాలి. చిన్నప్పుడు ఆయన బడి మధ్యలో ఎగ్గొట్టి పారిపోయాను. "నీ కాలు ఒకచోట నిలవదురా, పరలోకంలోనైనా కూర్చుంటావా?" అనేవారు. కూర్చుంటాను ఫాదర్, రానిస్తే.

4. గంట తాడు. ఇది తండ్రి నుంచి కొడుక్కి రావడం ఇక్కడి వాడుక. కడుపులో ఉన్నది మగబిడ్డయితే... వాడి పేరు ఇక్కడ రాయలేను. ఎవరికీ ఇవ్వకపోతే పిడుగుల నుంచి కాచే పునీత బార్బరమ్మకి కోపమొస్తుంది, ఊరి పంట పోతుంది.

ఈ గంటకి బాప్తిస్మమిచ్చి బార్బరా అని పేరు పెట్టినప్పుడు, పిండి మర యజమాని ఉల్రిఖ్ గారు పట్టుచొక్కా తొడుక్కుని జ్ఞానతండ్రిగా నిలబడ్డారు. గోపురం మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. నిరుడు మర దగ్గర అందరి ముందూ "ఏరా జోడోకూ, ఉరిమితే ఉచ్చ పోసుకుంటున్నావట! మీ నాన్న మగాడురా" అన్నారు. సరే. సాకేవాడు పోతే బిడ్డని జ్ఞానతండ్రే చూసుకోవాలని తిరుసభ చెప్పింది. బార్బరా ఆయన జ్ఞానబిడ్డ కాబట్టి నా తర్వాత తాడు ఉల్రిఖ్ గారికి, ఆయన తర్వాత ఆయన కొడుకులకి.

కక్షతో రాయలేదు. కొంచెం ఉంది, దేవుడు క్షమించాలి.

ఇంతవరకూ రాశాక, సాక్షిగా వచ్చిన ఉల్రిఖ్ గారికి ఫాదర్ ఇదంతా చదివి వినిపించారు. "నా మెడకే చుట్టావు కదరా!" అన్నారు ఉల్రిఖ్ గారు. "జ్ఞానతండ్రివి నువ్వేగా, లేక ఆవేళ దేవుడి ముందు అబద్ధమాడావా?" అని ఫాదర్ కలం ఆయన చేతికిచ్చారు.

ఉరిమింది. ఫాదర్, ముందు నా పాపాలు వినండి. తర్వాత ఎక్కుతాను.

1438, పునీత యోహాను పండుగ ముందురోజు.

జోడోక్ చేవ్రాలు.

సాక్షులు:
ఫాదర్ ఎర్హార్ట్.
ఉల్రిఖ్, మర యజమాని, బార్బరా గంటకి జ్ఞానతండ్రి: శిలువ గుర్తు. చెయ్యి వణికి వంకర పోయింది.