కుంకుమ డబ్బాలోంచి చందమామ

శాలిబండ, నవంబరు 2004

అమ్మకు శ్రీవత్స నమస్కారాలు. గది ఖాళీ చేయిస్తారని ఇక దిగులు పడకు. మేడ మీది నా టెలిస్కోపుతో పక్కిళ్ళలోకి చూస్తున్నానని ఇంటాయన బాబూమియా అనుమానం. నిన్న సాయంత్రం ఆయన్నే పైకి పిలిచాను. నువ్వు కుంకుమ పోసిచ్చిన ఫిల్మురోలు డబ్బా అడుగు కోసి, లెన్సు తీసిన వెబ్‌కామ్‌కు అతికించి, టెలిస్కోపులో బిగించాను. లాప్‌టాప్ తెర మీద చందమామ గుంటలతో సహా కనిపించి, మెల్లగా పక్కకు జరుగుతున్నాడు. ఒక్క మచ్చ మాత్రం కదలలేదు.

"గా మచ్చ ఏంది బేటా, ఆడనే ఉన్నది?"

"కెమెరాలో పడ్డ మా అమ్మ కుంకుమ, చాచా."

ఆయన పకపకా నవ్వారు. "అయితే మీ అమ్మ ఈడనే ఉన్నట్టు. ఇగ నాకేం ఫికర్? ఉండు బేటా!"

నాన్న దగ్గు తగ్గిందా? మేడ మీద చలిగా ఉంది, ఎవరైనా ఇటు వస్తుంటే మఫ్లరు పంపు. చెల్లి రాధకు ముద్దులు. ఆ మచ్చ తుడిచేయాలి, చేతులు రావడం లేదు.

నీ వత్స